గృహిణులకు: మీటలు పలుకనపుడు

కంప్యూటరునందు తెలుగు వ్రాయుచుండగా నడుమ వ్రాత నిలిచిపోవుట మనలో పెక్కుమందికి అనుభవమే. మీటలు నొక్కుచునే యుందుము; తెరమీద నొక్క సున్నయైనను పడదు. యంత్రము చెడినదని తలంచి వెంటనే విద్యుత్తు నార్పివేయుట తగదు.

తెలుగున మనము నొక్కిన మీట తిన్నగా పుటమీదికి పోదు. నడుమ నొక చిన్న ప్రోగ్రాము కూర్చుండి, ఆంగ్లపు ‘కె’ మీట పిదప ‘ఐ’ మీట నొక్కగా రెంటిని గలిపి ‘కి’ యని యందించును. ఈ మధ్యవర్తి స్తంభించినపుడు వ్రాత యాగునే గాని, అంతవరకు వ్రాసినది చెడదు. మౌసు కదలినట్లు తెరమీది బాణము కదలుచున్నచో యంత్రము బ్రతికియే యున్నదని యెఱుగవలెను.

నరసరావుపేట చెంత మేమెఱిగిన యొక కౌలురైతు భార్య, పంటనష్టమును గూర్చి యర్జీ వ్రాయుచు మూడవ పుటకు వచ్చునప్పటికి అక్షరములు నిలిచినవి. గడువు మఱునాటితో సరి. ఆమె తీగ పెఱుకబోగా వారించి, మౌసుతో ‘ఫైలు’, పిదప ‘సేవ్’ అను మాటలను నొక్కించితిమి. అది పేరడిగెను. పేరు వ్రాయుటకు మీటలు లేవు గదా! అది తానై చూపిన పేరునకే సమ్మతించితిమి. మూడు పుటలును దక్కినవి.

దాచిన పిమ్మట కారణము వెదకవచ్చును. ఒక్క మీట మాత్రమే పలుకకున్న దోషము మీటలపలకది. మిరపకాయలకు తొడిమలు తీయు దినములలో మన యిండ్ల గాలియందే కారపు ధూళి యుండును. పత్తి దినములలో నూగు. పలకను తలక్రిందులు చేసి మెల్లగా తట్టి, పనిలేనపుడు గుడ్డ కప్పుట మంచిది. అన్ని మీటలును మూగవోయినచో వేఱు సంగతి. విండోసునందు కుడివైపు షిఫ్టు మీటను 8 సెకండ్లు అదిమిపట్టిన ‘ఫిల్టర్ కీస్’ అను నేర్పాటు మేల్కొనును. అటుపై త్వరగా నొక్కిన మీటలను యంత్రము లెక్కసేయదు. పిల్లవాడు మోచేయి యానించినను చాలును. మరల అట్లే 8 సెకండ్లు అదిమిన నది తొలగును.

అదియు కానిచో మధ్యవర్తినే లేపవలెను. విండోసున కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను కలిపి నొక్కిన ‘టాస్క్ మేనేజరు’ తెఱచుకొనును. అందు ‘సీటీఎఫ్ లోడరు’ అనుదానిని ముగించిన, తఱచుగా నది తనంత తానే మరల మొదలగును. లినక్సున ఐబస్ అను మధ్యవర్తి యున్నచోట, టెర్మినలునందు ‘ఐబస్ రీస్టార్ట్’ అని యాంగ్లాక్షరములతో వ్రాసి ఎంటరు నొక్కిన చాలును. అక్కడను మీటలు పలుకకున్న మౌసుతో లాగవుట్ చేసి మరల ప్రవేశింపవలెను. అచ్చు పనులకై తెచ్చిన పాత తెలుగు ప్రోగ్రామును, యంత్రముతో వచ్చిన తెలుగును ఒక్కమారే నడుపకుడు. ఒకే మీటకై రెండును పోరాడును.

రెండుమార్లు వ్రాత నిలిచినంతనే విసిగి, తెలుగును ఆంగ్లాక్షరములతో వ్రాయుటకు మన బాలికలు మరలుచున్నారు. మాకిది రుచింపదు. కల యేదో, కళ యేదో, కాల మేదో తెలియని వ్రాత యేమి వ్రాత!

మన లిపియే కష్టమైనదను మాటయు వినవచ్చుచున్నది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను నక్షరము ఆపిల్ వారి ఫోనులను, మాక్ కంప్యూటరులను స్తంభింపజేసినదని లోకమంతయు చెప్పుకొనెను. నిజమునకు ‘జ్ఞా’ వలన నేదియు చెడలేదు. ఒత్తునకును దీర్ఘమునకును నడుమ, కంటికి కనబడని యొక గుర్తు చేరినపుడే, అక్షరములను తెరమీద కూర్చు వారి ప్రోగ్రాము తడబడెను. వంగ, నాగర లిపులలోని కొన్ని కూర్పులకును అదే గతి పట్టినది. ఆ నెల 19వ తేదీన వారు దిద్దుబాటును పంపిరి. దానిని చేర్చుకొన్న యంత్రములలో ‘జ్ఞా’ సుఖముగా నిలిచెను. మీ యంత్రమును అప్‌డేటు కోరుచున్నచో, వంట ముగించి పొయ్యి యార్పిన పిదప దానికొక గంట విడువుడు.