సర్పంచ్ ఆమె, పెత్తనం ఆయనది

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి, పంచాయతీలలో మూడింట ఒక వంతు స్థానాలు స్త్రీలకు దక్కాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దానిని 50 శాతానికి పెంచారు. అయినా పలు గ్రామాలలో పంచాయతీ ఆఫీసులో కనిపించేది సర్పంచ్ గారి భర్తే. ఆమె ఇంటి వద్ద సంతకాలు పెడతారు. తీర్మానాలు, బిల్లులు ఆయన చూసుకుంటారు.

చట్టంలో భర్తకు ఏ అధికారమూ లేదు. సర్పంచ్ రాలేకపోతే సమావేశం నడపవలసింది ఉప సర్పంచే గాని పెనిమిటి కాదు. నిధులు పక్కదారి పడితే మాత్రం సంజాయిషీ నోటీసు వచ్చేది ఆమె పేరిటే, పదవి పోయేది ఆమెకే.

ఆడవారికి చేతకాదనడమూ సరికాదు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలపై 2004లో వెలువడిన పరిశీలన ప్రకారం, అధ్యక్ష పదవి స్త్రీలకు రిజర్వయిన పంచాయతీలలో మంచినీటి పనులు ఎక్కువ జరిగాయి. బిందె మోసేవారికే నీటి ఎద్దడి తెలుస్తుంది గదా!

ఇలా భర్తలు పెత్తనం చేస్తే కఠిన శిక్షలు వేయాలని కేంద్రం నియమించిన కమిటీ 2025లో సిఫారసు చేసింది. అంతకంటే ముందు గ్రామస్థులు చేయదగిన పని ఒకటుంది. గ్రామసభలో లెక్కలు ఆయనను గాక ఆమెనే అడగాలి. ఓటు వేసింది ఆమెకు గనుక జవాబు చెప్పవలసిందీ ఆమే.