కండ పెంచినవాడు కొవ్వు దించే వేళ

ఆడికృత్తిక దగ్గర పడుతున్నదంటే మన తిరువళ్ళూరు, తిరుత్తణి ఇళ్ళలో రెండు రకాల ఉపవాసాలు మొదలవుతాయి. ఒకటి సుబ్రహ్మణ్యస్వామికి కావడి మొక్కుకున్నవారిది. దాని జోలికి మేము పోము. అది స్వామికీ భక్తునికీ మధ్య సంగతి. రెండవది వ్యాయామశాలకు పోయి వచ్చే కుర్రవానిది. ఏడాదిపాటు గుడ్లూ, పాలూ, శనక్కాయలూ ఆబగా తిని, బరువులెత్తి కండ పెంచాడు. కండతోబాటు నడుము చుట్టూ కాస్త కొవ్వూ చేరింది. ఇప్పుడది దిగాలి. మొక్కు ఎలాగూ ఉన్నది గదా అని ఒక్కరోజులో అన్నం మానేసి, రాత్రి రెండు అరటిపండ్లతో పడుకుంటున్నాడు. వాళ్ళమ్మ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంటున్నది. ఈ నెల మనం ముచ్చటించేది ఈ రెండవ ఉపవాసాన్ని గురించి.

కండ పెంచేటప్పుడు కొంత కొవ్వు చేరడం తప్పేమీ కాదు. మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాలలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయినది. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో కాంస్యం తెచ్చినది 69 కిలోల తరగతిలో. బలం కోసం ఒళ్ళు పెంచడం ఒక పని, పెంచినదానిలో అక్కరలేనిది తీసివేయడం మరొక పని. ఈ రెండవ పనిలో తొందరపడితే పోయేది కొవ్వొక్కటే కాదు, ఏడాది చెమటోడ్చి తెచ్చుకున్న కండ కూడా దానితో పోతుంది. దిగులు పడవలసినది దానికే.

లెక్క చెబుతాము, విసుక్కోకండి. 70 కిలోల కుర్రవాడు ఒకడున్నాడనుకుందాం. అతని బరువు నిలకడగా ఉండడానికి రోజుకు 2500 కేలరీలు కావాలనుకుందాం. కండ పెంచే నెలలలో 2800 తింటూ వచ్చాడు. ఇప్పుడు ఒక్కసారిగా 1200కు దిగాడు. మొదటి వారం కిలోన్నర తగ్గేసరికి వాడికి కొండెక్కినంత సంతోషం. కాని తగ్గినదానిలో చాలా భాగం నీరే. కండలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంటే, దానితో ఉన్న నీరూ వెళ్ళిపోతుంది. ఆ తరువాత వారాలలో ఎత్తే బరువు తగ్గుతుంది, నిద్ర చెడుతుంది, ఇంట్లో అందరిమీదా కసురుకుంటాడు.

ఇది మేము ఊహించి చెప్పేది కాదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు తిండి దాదాపు సగానికి తగ్గించి చూశాడు. వారి బరువు నాలుగవ వంతు పోయింది. కండ కరిగింది, ఒంట్లో సత్తువ పోయింది, తిండి తప్ప మరొక ధ్యాస లేకుండా పోయింది. శరీరం కూడా పిసినిగొట్టుదై, తక్కువ ఖర్చుతో రోజు గడుపుకోవడం నేర్చుకున్నది.

కనుక మెట్టుమెట్టుగా దిగాలి. మొదటి మెట్టు 2800 నుంచి 2500కు. ఇందులో కష్టమేమీ లేదు. సాయంత్రం తాగే పాలలో వేసే అరటిపండూ, మూడు చెంచాల చక్కెరా, పక్కన నమిలే గుప్పెడు శనక్కాయలూ మానేస్తే 300 కేలరీలు అక్కడికక్కడే పోతాయి. ఈ మెట్టుమీద ఒకటి రెండు వారాలు నిలబడాలి. రోజూ ఉదయం కాలకృత్యాలు కాగానే తూచుకుని, వారానికొకసారి సగటు తీసుకోవాలి. ఏ ఒక్కరోజు అంకెనూ నమ్మరాదు. ముందురోజు ఊరగాయ ఎక్కువైతే మరునాడు తక్కెడ అబద్ధమాడుతుంది.

సగటు కదలకుండా ఉంటే అప్పుడు రెండవ మెట్టు. మరో 400 తగ్గించి 2100కు రావాలి. వంటింటి భాషలో ఇది 70 గ్రాముల బియ్యం, ఒక పెద్ద చెంచాకు కాస్త పైగా నూనె. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. నూనెగాని నెయ్యిగాని గ్రాముకు 9. కిలో కొవ్వంటే దాదాపు 7700 కేలరీలు గనుక, రోజుకు 400 చొప్పున వారానికి 350 గ్రాములు దిగుతాయి. ఇంతేనా అనవద్దు. 70 కిలోలవాడు వారానికి 350 నుంచి 700 గ్రాములలోపు దిగడమే క్షేమం.

ఇక తగ్గించకూడనిది మాంసకృత్తులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలునంటుంది. బరువులెత్తుతూ కొవ్వు దించేవానికి అది చాలదు. కిలోకు 1.6 గ్రాములైనా, అంటే మన కుర్రవానికి 110 గ్రాములకు తక్కువ కాకుండా కావాలి. కృత్తిక నెలలో గుడ్లూ మాంసమూ మానేసే ఇళ్ళలో వచ్చే చిక్కు ఇదే. గుడ్డుకు 6 గ్రాముల చొప్పున వచ్చేది ఆగిపోతుంది, దాని చోట ఏదీ రాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది గాని మన ఉలవకుండ మాత్రం పొయ్యిమీదనే ఉన్నది. 100 గ్రాముల ఉలవలలో 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. అయితే ఒక సంగతి గమనించాలి. చారు కాచి గింజ పశువులకు వేస్తే మేలంతా పశువుకే. గింజను గుగ్గిళ్ళు చేసి తినాలి. కందిపప్పు, పెరుగు, పనీరు సరేసరి. మీల్ మేకరు గింజలు కొందరికి రుచించవు, మాకూ పెద్దగా రుచించవు, కాని 100 గ్రాములలో 50కి పైగా మాంసకృత్తులున్నవి మరి దొరకవు.

బరువులెత్తడం మానకూడదు. కొవ్వు దించడానికి తేలిక బరువులు చాలాసార్లు ఎత్తాలని చెప్పేవారున్నారు. కండ నిలవాలంటే మునుపెత్తిన బరువునే ఎత్తుతుండాలి. అలసట ఎక్కువైతే ఎత్తే సార్లు కొన్ని తగ్గించుకోవచ్చు.

తిరుత్తణి కొండ 365 మెట్లు రోజూ ఎక్కి కొవ్వు కరిగిస్తామనేవారికి ఒక మాట. మెట్టు అరడుగు ఎత్తనుకుంటే, 70 కిలోలవాడు ఒకసారి ఎక్కితే ఖర్చయ్యేది 40 కేలరీలకు అటూ ఇటూ. అంటే ఒక చిన్న చెంచా నూనె! ఎక్కండి, గుండెకూ మనస్సుకూ మంచిది. కాని కొండ ఎక్కానని దిగువన పూరీలు తింటే లెక్క తలక్రిందులవుతుంది. తిరువళ్ళూరునుంచి రోజూ రైలులో చెన్నైకి ఉద్యోగానికి పోయేవారు టీల సంగతీ చూసుకోవాలి. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు టీలంటే చక్కెరే 160 కేలరీలు.

ఆరేడు వారాలకు బరువు దిగడం ఆగితే భయపడవద్దు. ఒళ్ళు తేలికైనందున దాని అవసరమూ తగ్గింది. మరొక 100 తగ్గించవచ్చు. లేదా రెండు వారాలు ఖర్చుకు సరిపడా తిని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మేమైతే రెండవదే మేలంటాము. ఎత్తే బరువు వరుసగా పడిపోతుంటే మాత్రం 150 కేలరీలు వెంటనే పెంచాలి. మధుమేహానికి మందు వాడేవారు, మూత్రపిండాల జబ్బున్నవారు, పద్ధెనిమిది నిండని పిల్లలు వైద్యుని అడగకుండా ఈ పనికి పూనుకోరాదు. కొవ్వు కరిగించే పొడులని డబ్బాలలో అమ్మేవి అసలే వద్దు.

పన్నెండు వారాలు దాటకుండా ఆపి, వారానికి 100 చొప్పున మళ్ళీ పైకి రావాలి. అమ్మలారా, మొదటి వారం పెంచవలసినది ఒక చిన్న గరిటెడు అన్నం, అంతే.