నిమ్మకూరు కథ.. రెండో భాగం ఎందుకు నిలవలేదు?

పామర్రు: తెలుగు చిత్రసీమలో కొంతకాలంగా రెండో భాగాల హవా నడుస్తోంది. 2017లో ‘బాహుబలి-2’, 2024లో ‘పుష్ప-2’ సాధించిన వసూళ్లు చూశాక, కథను రెండుగా విడదీస్తే రాబడి రెట్టింపవుతుందన్న నమ్మకం నిర్మాతల్లో బలపడింది. ఆ నమ్మకం వమ్మయిన సందర్భాలూ తక్కువేమీ కావు. వాటిలో ముందుగా చెప్పుకోవలసినది పామర్రు మండలంలో మొదలైన కథే కావడం గమనార్హం.

1923 మే 28న నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారక రామారావు జీవితాన్ని దర్శకుడు క్రిష్ రెండు చిత్రాలుగా మలిచారు. తండ్రి పాత్రను బాలకృష్ణ పోషించారు. ‘ఎన్టీఆర్ కథానాయకుడు’ 2019 జనవరి 9న, ‘ఎన్టీఆర్ మహానాయకుడు’ ఫిబ్రవరి 22న విడుదలయ్యాయి. సంక్రాంతి బరిలో మొదటి చిత్రమే ‘ఎఫ్2’ ధాటికి నిలవలేకపోయింది. రెండో దానికి వచ్చిన వసూళ్లు మొదటి దానిలో కొద్ది భాగమే.

మొదటి చిత్రం 1982లో పార్టీ ప్రకటనతో ముగిసింది. తరువాత ఏం జరిగిందో 1983లో ఆయనను గెలిపించిన గుడివాడ ఓటరుకు గానీ, 1977 ఉప్పెన నాడు ఆయన జోలె పట్టిన వైనం చెప్పుకొనే దివిసీమ వాసికి గానీ వెండితెర చెప్పనక్కరలేదు. 1984 ఆగస్టులో పదవి పోవడం, నెల రోజులకు తిరిగి రావడం ప్రతి రచ్చబండ వద్దా నలిగిన ముచ్చటే. నిజంగా ఉత్కంఠ రేపే 1995 ఆగస్టు పరిణామాల వరకు చిత్రం వెళ్లనే లేదు. పైగా ఏప్రిల్ 11న పోలింగు. ఎన్నికల ముంగిట వచ్చిన రాజకీయ కథను ప్రచారంగా భావించినవారూ లేకపోలేదు.

‘బాహుబలి’ది ఇందుకు పూర్తిగా భిన్నమైన పరిస్థితి. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్నతో ప్రేక్షకుడు 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ వరకు నిరీక్షించాడు. మొదటి భాగం ప్రపంచవ్యాప్తంగా సుమారు రూ.600 కోట్లు వసూలు చేయగా, రెండోది రూ.1,700 కోట్లు దాటినట్లు వ్యాపార వర్గాల అంచనా. ముడి వేయకుండా పేరును మాత్రమే కొనసాగించిన ‘శంకర్‌దాదా జిందాబాద్’(2007), ‘కిక్ 2’(2015), ‘సర్దార్ గబ్బర్‌సింగ్’(2016) తొలి చిత్రాల స్థాయిని అందుకోలేకపోయాయి. సంక్రాంతి విజేత ‘ఎఫ్2’కు సైతం 2022లో వచ్చిన ‘ఎఫ్3’తో అదే అనుభవం ఎదురైంది.

వసూళ్లను పోల్చేటప్పుడు టిక్కెట్ ధరను విస్మరించరాదు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసిన జీవో 35 ప్రకారం గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో కనిష్ఠ ధర రూ.5. ఆ ఉత్తర్వుపై హైకోర్టులో వివాదం నడుస్తుండగానే డిసెంబరు 17న ‘పుష్ప’ మొదటి భాగం విడుదలైంది. 2022 మార్చిలో ధరలను సవరించారు. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప-2’ ప్రత్యేక ప్రదర్శనకు అనుమతించిన ధర రూ.800. రెండో భాగానికి జనం ఎంత పెరిగారో, ధర ఎంత పెరిగిందో కోట్ల లెక్క ఒక్కటే చూస్తే తేలదు. అమ్ముడైన మొత్తం టిక్కెట్ల సంఖ్యను నిర్మాతలు పోస్టర్లపై సాధారణంగా వేయరు.

ఈ తేడా కృష్ణా డెల్టా పంపిణీదారుకు మరింత ముఖ్యం. చిత్ర వ్యాపారంలో కృష్ణా జిల్లాను ప్రత్యేక ఏరియాగా లెక్కిస్తారు. తొలి భాగం రాబట్టిన మొత్తాన్ని చూపి రెండో భాగం హక్కులకు అధిక ధర చెబుతారు. మొదటి ఆట పడకముందే బేరం ముగుస్తుంది. హక్కులు ఒకే ధరకు కొన్న పక్షంలో చిత్రం ఆడకపోతే నిర్మాత ముందుగా పుచ్చుకున్న సొమ్ముకు ఢోకా ఉండదు, నష్టం కొన్నవారి నెత్తిన పడుతుంది. నిర్మాత ఉదారంగా కొంత వెనక్కి ఇస్తే తప్ప వారికి వేరే ఊరట లేదు. అద్దె పద్ధతిలో నడిచే హాలు యజమానికి వారం కిరాయి ముడుతుంది గానీ, ఖాళీ కుర్చీల ముందు క్యాంటీన్, సైకిల్ స్టాండ్ ఆదాయం మాత్రం రాదు.