ఎదురుచూపుకు కూలి ఎవరిస్తారు?

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో భారత మహిళల హాకీ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ వెంటనే మన రాష్ట్ర ప్రభుత్వానికి ఒక గోల్‌కీపర్ గుర్తుకొచ్చింది. ఆమె ఇ. రజని. అప్పటి చిత్తూరు జిల్లాలోని యనమలవారిపల్లె ఆమెది. ముఖ్యమంత్రి పిలిపించుకుని శాలువా కప్పారు. 25 లక్షల నగదు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించారు. సంతోషమే. రాయలసీమ పల్లెటూరి ఆడపిల్లకు దక్కిన గౌరవాన్ని ఎవరు కాదంటారు? కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆమె టోక్యోకు వెళ్లింది రిజర్వ్ గోల్‌కీపర్‌గా. అంతకు ముందు 2016 రియో ఒలింపిక్స్‌కూ రిజర్వే. ఇన్నేళ్ల ఎదురుచూపుకు కూలి ఎవరిచ్చారు? అలా ఎదురుచూసే స్తోమత లేక మధ్యలోనే మానేసిన ఆడపిల్లల లెక్క ఎవరి దగ్గరుంది?

"ఆటల గొడవ మనకెందుకు?" అని కొందరు అక్కచెల్లెళ్లు అనొచ్చు. ఇది ఆట గురించి మాత్రమే కాదు. ఇది స్త్రీల శ్రమ గురించి, వయసు గురించి, పెళ్లి గురించి.

గోల్‌కీపర్ పని మిగతా వాళ్ల పనిలాంటిది కాదు. హాకీలో పదకొండు మంది ఆడతారు. ఫార్వర్డ్‌లను, డిఫెండర్లను నిమిషాల లెక్కన మారుస్తూనే ఉంటారు, కాబట్టి బెంచి మీద ఉన్న వాళ్లకూ ఆడే వంతు వస్తుంది. గోల్‌కీపర్ మాత్రం సాధారణంగా ఆట మొత్తానికీ ఒక్కరే. రెండో ఆమె కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటుంది. రోజూ అదే సాధన చేస్తుంది, అవే దెబ్బలు తింటుంది. మొదటి ఆమె గాయపడితే తప్ప ఆమె వంతు రావడం అరుదు. మంచు మీద ఆడే ఐస్ హాకీలోనూ ఇదే పద్ధతి.

రెండో సంగతి, గోల్‌కీపర్ ఆలస్యంగా పండుతుంది. పరుగుకు పడుచుదనం కావాలేమో కానీ, బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టడానికి ఏళ్ల అనుభవం కావాలి. హర్యానాలోని సిర్సా జిల్లా నుంచి వచ్చిన సవితా పునియా 1990లో పుట్టింది. ప్రపంచంలోకెల్లా ఉత్తమ మహిళా గోల్‌కీపర్‌గా ఆమెను అంతర్జాతీయ హాకీ సమాఖ్య వరుసగా మూడుసార్లు ఎంపిక చేసింది. ఆ గుర్తింపు మొదలైంది ముప్పై దాటాక. అదే సవిత 2018లో అర్జున అవార్డు అందుకున్న నాటికి కూడా తనకు ఉద్యోగం లేదని బాహాటంగా చెప్పుకోవలసి వచ్చింది. దేశం గోల్‌ను కాపాడే మనిషి తన ఖర్చులకు నాన్న మీద ఆధారపడాలి!

ఇప్పుడు అనంతపురానికి వద్దాం. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వానలు లేక వేరుశనగ పంట ఎండిపోయిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరుకో కేరళకో వలస పోతారు. ఎదిగిన ఆడపిల్లను ఎవరి దగ్గర వదిలిపోవాలనే దిగులు పెళ్లికి తొందరపెడుతుంది. ముప్పైలో పండే ఆటకు పదహారేళ్లకే నీళ్లు ఆపేస్తే కాపు ఎక్కడి నుంచి వస్తుంది? పరుగుపందెంలో పిల్ల పదిహేనేళ్లకే మెరిస్తే ఎవరో ఒకరు చూస్తారు. గోల్‌కీపర్‌కు ఆ అదృష్టం లేదు. ఆమెలోని ప్రతిభ బయటపడేలోపే ఆమెను అత్తారింటికి పంపేస్తాం.

నేల సంగతీ ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో మొదలై పెద్ద పోటీలన్నీ క్రమంగా కృత్రిమ టర్ఫ్ మీదికి మారిపోయాయి. అందులో మేలురకం టర్ఫ్‌ను ఆటకు ముందు నీళ్లతో తడపాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని జిల్లాలో ఇది ఎంత ఎగతాళి! గోల్‌కీపర్ విద్యలో సగం నేల మీద జారుతూ బంతిని ఆపడమే. గరప నేల మీద ఒక్కసారి జారితే తొడ చర్మం లేచిపోతుంది. గట్టి బంతికి ఎదురు నిలవాలంటే హెల్మెట్, ఛాతీకవచం, ప్యాడ్లు, గ్లవుజులు ఉండి తీరాలి. ఒక కర్రతో ఫార్వర్డ్ ఆడగలదు. ఈ సామాను లేకుండా గోల్‌కీపర్‌ను నిలబెట్టడం నేరం. కూలి ఇళ్ల పిల్లలకు ఆ సామాను కొనే శక్తి ఎక్కడిది?

ఇన్నేళ్లు నిలబడినా చివరికి దొరికేదేమిటి? 2025లో మహిళల హాకీ ఇండియా లీగ్ మొదటిసారి జరిగింది. వేలంలో మగవాళ్ల జట్టుకు 4 కోట్లు, ఆడవాళ్ల జట్టుకు 2 కోట్లు. మగవాళ్లలో అత్యధిక ధర 78 లక్షలు, ఆడవాళ్లలో 32 లక్షలు. మగవాళ్ల లీగ్‌లో ఎనిమిది జట్లుంటే హైదరాబాద్ పేరుతో ఒకటి, విశాఖపట్నం నుంచి ఒకటి ఉన్నాయి. ఆడవాళ్లవి నాలుగే జట్లు. వాటిలో తెలుగు నేలది ఒక్కటీ లేదు. ఒక్కో జట్టులో గోల్‌కీపర్‌కు ఉండేది వేళ్ల మీద లెక్కపెట్టే చోటు. దాంట్లో మన పిల్లకు దక్కేదెంత?

ఈ వివక్ష మన ఒక్క దేశానిదే కాదు. మగవాళ్ల ఐస్ హాకీకి ఉత్తర అమెరికాలో పెద్ద వ్యాపార లీగ్ ఉంది. 1992లో మానన్ రియోమ్ అనే కెనడా గోల్‌కీపర్‌ను టాంపా జట్టు ఆ లీగ్ సన్నాహక మ్యాచ్‌లో నిలబెట్టింది. అలా ఆడిన మొదటి స్త్రీ ఆమె. ప్రపంచమంతా ఫొటోలు తీసింది. లీగ్ అసలు మ్యాచ్‌లలో మాత్రం ఆమెకు ఒక్కటీ ఇవ్వలేదు. వింతగా చూపించడానికి స్త్రీ కావాలి, జీతమిచ్చి ఉంచుకోవడానికి అక్కర్లేదు. అయితే కథ అక్కడ ఆగిపోలేదు. అక్కడి క్రీడాకారిణులు సంఘం పెట్టుకున్నారు. 2024 జనవరిలో కొత్త మహిళా లీగ్ మొదలయ్యేలోపే, 2023లోనే యాజమాన్యంతో ఒప్పందం రాయించుకున్నారు. ఏడాదికి 35,000 డాలర్ల కనీస జీతం, ప్రసూతి హక్కులు అందులో ఉన్నాయి. బెంచి మీద కూర్చునే గోల్‌కీపర్‌కూ ఆ కనీస జీతం వర్తిస్తుంది. అది దయతో వచ్చింది కాదు, సంఘటితమైతే వచ్చింది. మన కూలి పోరాటాల నుంచి మనం నేర్చుకున్న పాఠమూ అదే కదా!

"తాగడానికి నీళ్లు లేని చోట హాకీ ఏమిటి?" అనే పెద్దలున్నారు. ఇదే పెద్దలు మగపిల్లల క్రికెట్ టోర్నమెంట్‌కు కప్పులు ఇస్తున్నప్పుడు ఈ మాట అనరు. కరువు పేరు చెప్పి ముందుగా కోత పెట్టేది ఆడపిల్ల అన్నంలో, చదువులో, ఆటలో. కరువుకు కూడా లింగ వివక్ష నేర్పింది మనమే.

అనంతపురంలో పేద పిల్లలకు కాస్త ఆట అందిందంటే అది ఎక్కువగా రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ క్రీడాగ్రామం వల్ల. కానీ ఒక స్వచ్ఛంద సంస్థ చేస్తోంది కాబట్టి ప్రభుత్వం చేతులు దులుపుకోవచ్చా? విరాళాలు ఉంటే ఆట, లేకపోతే లేదు అన్నట్టయితే అది హక్కు ఎలా అవుతుంది? సంస్థలలో పనిచేసే మనమూ ఒక మాట మనల్ని అడుగుకోవాలి. "ఈ ఏడాది ఇంతమంది ఆడపిల్లలు ఆడారు" అని నివేదికల్లో రాస్తాం. వాళ్లలో ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఆటలో మిగిలింది ఎంతమందో ఎప్పుడైనా రాశామా?

అందుకే అడుగుదాం. ఒలింపిక్స్ అయ్యాక 25 లక్షలు కాదు, పదిహేనో ఏటి నుంచి పాతికో ఏటి వరకు నెలనెలా భృతి ఇవ్వాలి. ఆటకే కాదు, ఎదురుచూపుకూ ఇవ్వాలి. రిజర్వ్‌గా ఎంపికైన ఏళ్లను స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలలో లెక్కగట్టాలి. గోల్‌కీపర్ సామాను బడిదే కావాలి, గాయాలకు బీమా ఉండాలి. నీళ్లు తక్కువ పట్టే టర్ఫ్ ఒకటి అనంతపురానికి రావాలి. ప్రతి అకాడమీలో, హాస్టల్‌లో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ పనిచేయాలి. 2023లో మల్లయోధురాళ్లు ఢిల్లీ రోడ్ల మీద కూర్చోవలసి రావడం ఎవరూ మరచిపోకూడదు. పెళ్లయిన, తల్లయిన క్రీడాకారిణికి జట్టులోకి తిరిగివచ్చే దారి తెరిచి ఉంచాలి.

2024 పారిస్ ఒలింపిక్స్‌కు మన మహిళల జట్టు అర్హత సాధించలేదు. పతకం లేదు, శాలువాలు లేవు. ఇలాంటి ఏడాదిలోనే తెలుస్తుంది ప్రభుత్వానికి ఆడపిల్ల మీద ప్రేమ ఉందో, పతకం మీదే ప్రేమ ఉందో. వచ్చే పంచాయతీ సభలో, వచ్చే జిల్లా పరిషత్ సమావేశంలో ఈ డిమాండ్లను కాగితం మీద రాసి పెడదాం. గోల్ ముందు ఒంటరిగా నిలబడటం ఆమె పని. ఆమె వెనక నిలబడటం మన పని.