సీటుకు 40 శాతం, పింఛనుకు 80 శాతం
ఉన్నత విద్యలో వికలాంగులకు రెండు కొలమానాలు

న్యూఢిల్లీ: విశ్వవిద్యాలయంలో రిజర్వుడు సీటు పొందేందుకు 40 శాతం వైకల్యం చాలునంటున్న కేంద్ర ప్రభుత్వం, అదే విద్యార్థికి నెలవారీ పింఛను ఇచ్చేందుకు మాత్రం 80 శాతం ఉండాలంటోంది. ఈ రెండు అంకెల నడుమ ఉన్నవారికి కళాశాల ద్వారం తెరుచుకుంటున్నది గానీ, లోపల నిలదొక్కుకునేందుకు కావలసిన ఆసరా కేంద్రం నుంచి లభించడం లేదు.

2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లను 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి కేటాయించింది. 1995 నాటి చట్టంలో ఇది 3 శాతం మాత్రమే. గుర్తింపు పొందిన వైకల్యాల సంఖ్య కూడా 7 నుంచి 21కి పెరిగింది.

కాగా, 2009లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం మరో దారిన నడుస్తోంది. 18 ఏళ్లు నిండి, తీవ్ర లేదా బహుళ వైకల్యం 80 శాతం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి చెందినవారే ఇందుకు అర్హులు. 2012లో నిర్ణయించిన ప్రకారం కేంద్రం ఇచ్చే వాటా నెలకు 300 రూపాయలు. విద్యార్థి అన్న కారణంగా దరఖాస్తును తిరస్కరించే నిబంధన ఈ పథకంలో లేదు. అసలు చిక్కు శాతం వద్ద, కుటుంబ ఆదాయం వద్ద వస్తోంది.

ఉపకారవేతనాల సంగతీ ఇంతే. పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనానికి తల్లిదండ్రుల వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు మించరాదు. ఉదాహరణకు, 60 శాతం వైకల్యం గల విద్యార్థి తండ్రి ఏడాదికి 3 లక్షలు సంపాదిస్తే ఆ విద్యార్థికి సీటు దక్కుతుంది; కేంద్ర పింఛనూ రాదు, ఈ ఉపకారవేతనమూ రాదు. చేయూతనిచ్చే సహాయకునికి, రానుపోను ఆటోకు, వినికిడి యంత్రానికి లేదా చక్రాల కుర్చీకి అయ్యే ఖర్చు మాత్రం తప్పదు. పూర్తికాలం తరగతులకు హాజరయ్యే వ్యక్తి పని చేసుకొని ఆ లోటు పూడ్చుకోవడమూ కష్టమే.

ఈ వైరుధ్యానికి మూలం దృక్పథంలోనే ఉన్నది. పింఛను పథకం వికలాంగుని సంపాదించలేని నిరుపేదగా చూస్తోంది. ఉపకారవేతన పథకం అతనిని తల్లిదండ్రులపై ఆధారపడిన బిడ్డగా పరిగణిస్తోంది. 2016 చట్టం మాత్రమే అతనిని స్వయంగా హక్కులు గల పౌరునిగా గుర్తించింది. అదే చట్టంలోని 24వ సెక్షన్, సామాజిక భద్రతా పథకాల కింద వికలాంగులకిచ్చే సహాయం ఇతరులకు వర్తించే అలాంటి పథకాల కంటే కనీసం 25 శాతం అధికంగా ఉండాలని నిర్దేశించింది. వితంతు పింఛనులో కేంద్రం వాటా కూడా 300 రూపాయలే కావడం గమనార్హం. దానిని ప్రమాణంగా తీసుకుంటే వికలాంగులకు కనీసం 375 రూపాయలు రావాలి. అయితే ఆర్థిక స్తోమతకు లోబడి అన్న మినహాయింపు కూడా అదే సెక్షన్‌లో ఉన్నది.

ఈ లోటును కొన్ని రాష్ట్రాలు సొంత నిధులతో పూరిస్తున్నాయి. తెలంగాణ 2023లో వికలాంగుల పింఛనును 4,016 రూపాయలకు పెంచగా, ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 రూపాయలకు పెంచింది. ఉభయ రాష్ట్రాల్లోనూ అర్హత సాధారణంగా 40 శాతం వద్దే మొదలవుతుంది; కుటుంబ ఆదాయ షరతులు మాత్రం వర్తిస్తాయి. అంటే ఒకే స్థాయి వైకల్యం గల ఇద్దరు విద్యార్థుల్లో ఎవరు చదువు కొనసాగించగలరన్నది వారు పుట్టిన రాష్ట్రంపై ఆధారపడుతోంది.

ఫలితం గణాంకాల్లో కనిపిస్తూనే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం సుమారు 4.14 కోట్ల విద్యార్థుల్లో వికలాంగులు 79,035 మంది. ఇది 0.2 శాతం కూడా కాదు. ఇందుకు పాఠశాల స్థాయిలోనే చదువు ఆగిపోవడం వంటి ఇతర కారణాలూ లేకపోలేదు.

40 శాతం లోపు వైకల్యం ఉన్నవారికి కూడా పరీక్షలో రాత సహాయకుని పొందే హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అవసరాన్ని చూడాలే తప్ప శాతాన్ని కాదన్నదే ఆ తీర్పు సారాంశం. పింఛనుకు ఈ సూత్రాన్ని వర్తింపజేయడానికి కొత్త చట్టం అక్కరలేదు. కనీసం పూర్తికాలం చదువుకునేవారికైనా పథకం మార్గదర్శకాల్లోని 80ని 40గా సవరిస్తే చాలు. ఆ పని చేయనంతకాలం 5 శాతం సీట్లు కాగితంపై హక్కుగానే మిగులుతాయి.