పేరు చూసి వదిలేసే బ్యాకప్

బ్యాకప్ పెట్టడం నేర్పే పాఠాల్లో చాలావరకు మొదట్లోనే ఒక సలహా ఉంటుంది: టెంప్ ఫైళ్లు, క్యాష్ ఫోల్డర్లు వదిలేయండి, అవన్నీ చెత్త. దాని కిందే సిద్ధంగా ఒక మినహాయింపుల జాబితా. టీఎంపీతో ముగిసే ప్రతి ఫైలూ, టెంప్ అనో క్యాష్ అనో పేరున్న ప్రతి ఫోల్డరూ అందులో చేరిపోతాయి. ఒకరి సర్వర్ నుంచి ఇంకొకరి సర్వర్‌కు ఆ జాబితా అలాగే ఎక్కుతుంది. ఫలానా వరుస ఎందుకుందని అడిగేవాళ్లు అరుదు. ఈ అలవాటు తప్పని నా వాదన. ఒక ఫైలు ఎంతకాలం ఉంటుందన్నది ఒక ప్రశ్న. అది పోతే మళ్లీ పుట్టించుకోగలమా అన్నది వేరే ప్రశ్న. బ్యాకప్‌కు కావలసింది రెండోదానికి జవాబు. మనం మొదటిదానికి జవాబు చెప్పేసి, రెండోదీ తేలిపోయిందనుకుంటున్నాం.

ఇన్‌డిజైన్‌నే తీసుకోండి. హైదరాబాద్‌లో, విజయవాడలో పుస్తకాల పేజీలు కట్టేవాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ అది. కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయినా, సేవ్ చేయని పని తిరిగి తెరుచుకునేలా అది రికవరీ సమాచారాన్ని రాసుకుంటూ ఉంటుంది. ఆ రికవరీ ఫోల్డరు ఉండేది క్యాషెస్ అనే ఫోల్డరు లోపల. ఒక ఆపరేటరు ఫైలు తెరిచే ఉంచి ఇంటికి వెళ్లాడనుకోండి. అర్ధరాత్రి దాటాక బ్యాకప్ నడిచింది. తెల్లారేసరికి డిస్కు పోయింది. సాయంత్రం దిద్దిన పేజీలు దొరికే అవకాశం ఆ ఫోల్డరులోనే ఉండేది. పేరు చూసి దాన్ని వదిలేశాం.

విమ్ ఎడిటర్ వాడే ప్రోగ్రామర్లకూ ఇదే వర్తిస్తుంది. 200 అక్షరాలు కొట్టినప్పుడో, 4 సెకన్లు చేతులు ఆగినప్పుడో అది స్వాప్ ఫైలులో మార్పులు రాస్తుంది. మామూలుగా ఆ స్వాప్ ఫైలు అసలు ఫైలు పక్కనే ఉంటుంది. దాన్ని వదిలెయ్యమని చెప్పే వరుస ఈ జాబితాల్లో తరచుగా కనిపిస్తుంది.

డేటాబేస్‌ల దగ్గరికి వస్తే ఇది సాయంత్రం పనితో పోయే నష్టం కాదు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ ఫోన్లలోని లెక్కలేనన్ని యాప్‌లు తమ సమాచారాన్ని ఎస్‌క్యూలైట్‌లో దాచుకుంటాయి. అది ఒక పద్ధతిలో పనిచేసేటప్పుడు అసలు ఫైలు పక్కన జర్నల్ అనే ఫైలు పుడుతుంది, పని ముగియగానే పోతుంది. చూడ్డానికి అచ్చమైన టెంప్ ఫైలే. రాత మధ్యలో యంత్రం ఆగిపోతే మాత్రం, సగం రాసిన డేటాబేస్‌ను పాత స్థితికి తెచ్చేది ఆ జర్నలే. అది లేకుండా అసలు ఫైలును మాత్రమే రీస్టోర్ చేస్తే చేతికొచ్చేది పాడైన డేటాబేస్ కావచ్చు. వాల్ అనే ఇంకో పద్ధతిలో, ఖరారైన లావాదేవీలు కొంతకాలం పక్క ఫైలులోనే ఉంటాయి. మామూలు అమరికలో అది 1000 పేజీలకు చేరాక వాటిని అసలు ఫైలులోకి దించడం మొదలవుతుంది. ఆ పక్క ఫైలును వదిలేస్తే ‘సేవ్ అయింది’ అని యూజర్‌కు చెప్పిన లావాదేవీలే పోతాయి. (నడుస్తున్న డేటాబేస్‌ను ఉత్త ఫైలు కాపీతో బ్యాకప్ చేయడమే ప్రమాదం. ఎస్‌క్యూలైట్‌కు అందుకోసం సొంత బ్యాకప్ మార్గం ఉంది, దాన్నే వాడాలి. అలా వాడని చోట్లు కోకొల్లలు కాబట్టే ఇంత చెప్పాల్సి వస్తోంది.)

పోస్ట్‌గ్రెస్‌లో లావాదేవీల చిట్టా ఉండే డైరెక్టరీకి ఒకప్పుడు పీజీ ఎక్స్‌లాగ్ అని పేరు. లాగ్ అని చూసి, ఎందుకూ పనికిరాని పాత చిట్టా అనుకుని, డిస్కు నిండినప్పుడు దాన్ని చెరిపేసి డేటాబేస్‌ను పాడు చేసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ గొడవ పడలేక 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో దాని పేరు పీజీ వాల్‌గా మార్చారు. అదే డేటా డైరెక్టరీలో పీజీఎస్‌క్యూఎల్ టీఎంపీ అని మొదలయ్యే ఫైళ్లూ ఉంటాయి. వాటిని బ్యాకప్‌లో వదిలేయవచ్చని పోస్ట్‌గ్రెస్ పత్రాలే చెబుతాయి. ఏది వదలొచ్చో, ఏది ముట్టుకోకూడదో ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు తెలుసు. ఎక్కడో దొరికిన జాబితాకు తెలియదు.

లినక్స్‌లో ఇంకో పొరపాటు పాతుకుపోయింది. టీఎంపీ డైరెక్టరీలు రెండున్నాయి. మూలంలో ఉన్నది రీబూట్‌తో పోయినా పోవచ్చు. వార్ కింద ఉన్నది మాత్రం రీబూట్ తర్వాత కూడా నిలవాలని ఫైల్‌సిస్టమ్ ప్రమాణమే చెబుతోంది. సిస్టమ్‌డీ మూల అమరికలోనూ మొదటిదానికి 10 రోజులు, రెండోదానికి 30 రోజులు గడువు. మూడు వారాలు నడిచే గణన తన మధ్యంతర ఫలితాలను ఆ రెండోదానిలో పెట్టుకుందంటే తప్పు దానిది కాదు. రెంటినీ ఒకే వరుసతో కొట్టేసిన వాళ్లది.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి ఉంది. బ్యాకప్ ఒక ఫైలును చదవలేకపోతే హెచ్చరిక వస్తుంది, ఎవరో ఒకరు చూస్తారు. మినహాయించిన ఫైలు గురించి మామూలుగా ఏ హెచ్చరికా రాదు. రిపోర్టు పచ్చగానే ఉంటుంది. మనం ఏం పోగొట్టుకున్నామో రీస్టోర్ చేసిన రోజున గానీ తెలియదు. దర్యాప్తుకూ ఇదే చిక్కు. హ్యాకర్లు చొరబడినప్పుడు తమ ప్రోగ్రామును టెంప్ ఫోల్డర్లలో దించడం మామూలే. అక్కడ ఎవరైనా ఫైలు రాయగలరు కదా. దాడి ఎప్పుడు మొదలైందో తేల్చాల్సిన రోజున పాత బ్యాకప్‌లలో ఆ ఫోల్డరే లేకపోతే దర్యాప్తు చేసేవాళ్లు దేన్ని చూస్తారు?

స్థలం వృథా అంటారు. బ్రౌజర్ క్యాష్ లాంటివి రోజూ మారుతూ బ్యాకప్‌ను ఉబ్బిస్తాయన్నది నిజమే. దానికి మందు 2004లోనే బ్రయాన్ ఫోర్డ్ ప్రతిపాదించాడు. ఒక ఫోల్డరు నిజంగా క్యాష్ అయితే, దాన్ని సృష్టించిన ప్రోగ్రామే అందులో క్యాష్‌డిర్ ట్యాగ్ అనే చిన్న గుర్తు ఫైలు పెడుతుంది. గ్నూ టార్, బోర్గ్, రెస్టిక్ లాంటి బ్యాకప్ సాధనాలు మనం అడిగితే ఆ గుర్తును చూసి వదిలేస్తాయి. రస్ట్ వాళ్ల కార్గో, పైథాన్ వాళ్ల పైటెస్ట్ ఈ గుర్తు పెడుతున్నాయి. విండోస్‌లోనూ బ్యాకప్ చేయనక్కర్లేని ఫైళ్లను ప్రోగ్రాములే నమోదు చేసుకునే చోటు రిజిస్ట్రీలో ఉంది. ఇలా సృష్టికర్త చెప్పిన మినహాయింపును నేను కళ్లు మూసుకుని ఒప్పుకుంటాను. పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, లినక్స్‌లో ప్రాక్, సిస్ కూడా నిస్సందేహంగా వదలాల్సినవే. ప్రాక్‌లోని కేకోర్ చాలా 64 బిట్ యంత్రాల్లో 128 టెరాబైట్ల ఫైలులా కనిపిస్తుంది. డిస్కు మీద అదసలు లేనే లేదు.

రహస్యాల గురించిన అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోను. మెయిల్‌లోంచి నేరుగా తెరిచిన జీతాల పట్టికో, పాస్‌వర్డ్ తీసి చూసిన పత్రమో టెంప్‌లో మిగిలిపోతుంది. దాన్ని ఏళ్ల తరబడి బ్యాకప్‌లో మోయడం అన్యాయం. అయితే కాపీ తీయడం వేరు, దాన్ని ఎంతకాలం ఉంచడమన్నది వేరు. టెంప్ ఫోల్డర్లకు వేరే బ్యాకప్ పెట్టండి, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేయండి, 7 రోజుల కాపీలు ఉంచి మిగతావి తీసేయండి. రెస్టిక్‌లో ఇది ఒక ట్యాగ్, ప్రూన్ కలిపిన ఒక ఫర్గెట్ ఆదేశంతో అయ్యే పని. ప్రధాన బ్యాకప్‌లో మిగిలే ప్రతి మినహాయింపు పక్కనా అది ఎందుకుందో, ఎవరు పెట్టారో ఒక వాక్యం రాయండి. కారణం రాయలేని వరుసను ఈ రాత్రి బ్యాకప్ మొదలయ్యేలోపే కొట్టేయండి.