మెటిక్యులస్ – ఛాందసము : వ్యుత్పత్తియు రూఢియు

ఆంగ్లభాషలో చిన్న విషయమునందును మిక్కిలి పట్టింపు గలవానిని ‘మెటిక్యులస్’ అని వ్యవహరింతురు. దీనికి మూలము భయమను అర్థము గల ‘మెటుస్’ అను లాటిన్ పదము. 16వ శతాబ్దమున ఆంగ్లమునందు ప్రవేశించినపుడు ఈ శబ్దమునకు పిరికివాడనియే అర్థము. 19వ శతాబ్దమున ఫ్రెంచి ప్రయోగమును బట్టి, అల్పవిషయములలో అతిజాగ్రత్త వహించువాడను నిందార్థము కలిగెను. 20వ శతాబ్దమున ఆ నిందయు క్రమముగా సడలి, నిశితమైన శ్రద్ధ గలవాడను ప్రశంసగా పరిణమించెను.

1926లో వెలువడిన తన ప్రయోగనిఘంటువునందు ఫౌలర్ ఈ పరిణామమును గర్హించెను. భయాంశము లేనిచోట ఈ పదమును వాడుట ఆయనకు సమ్మతము కాదు. లోకము ఆయన మాట వినలేదు. ఇందు ఆశ్చర్యము లేదు. శబ్దమునకు వ్యుత్పత్తినిమిత్తము వేరు, ప్రవృత్తినిమిత్తము వేరు అని సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు 14వ శతాబ్దముననే నిర్ణయించియున్నాడు. కుశలశబ్దమునకు దర్భలు గ్రహించుట వ్యుత్పత్తి మాత్రమే. నేర్పరి యనునదే ముఖ్యార్థము, అచ్చట లక్షణతో పనిలేదని ఆయన మతము.

తెలుగున ఇందుకు విపరీతమైన గతి పొందిన శబ్దము ఛాందసము. ఛందస్సనగా వేదము; దానిని అధ్యయనము చేసినవాడు ఛాందసుడు. అమరసింహుడు శ్రోత్రియ, ఛాందస శబ్దములను పర్యాయములుగా పఠించెను. శ్రోత్రియుని గౌరవము నిలిచినది, ఛాందసుడు పరిహాసపాత్రుడయ్యెను. వాడుకలోని చాదస్తము దాని వికృతియే.

ఒక స్వరము తప్పినచో మంత్రమును మరల మొదటినుండి చెప్పించు అధ్యాపకుని శ్రద్ధ చాదస్తమట! తూనికలో లవలేశమును విడువని రసాయనశాస్త్రజ్ఞుని శ్రద్ధ ప్రశంసాపాత్రమట! గుణమొక్కటియే, పేరులే వేరు.

వ్యుత్పత్తిని చూపి చాదస్తమును మరల గౌరవవాచకము చేయబూనుట ఫౌలర్ శ్రమవలె నిష్ఫలము. రూఢిని పండితులు శాసింపజాలరు. అయినను అధ్యాపకులు చేయదగినది కలదు. విద్యార్థులకు ఈ రెండు శబ్దముల నడకను జంటగా బోధింపవలెను. నిఘంటుకర్తలు నిందార్థమును, ప్రశంసార్థమును వేర్వేరుగా నిరూపింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పాఠశుద్ధికై పట్టుబట్టు విద్యార్థిని చాదస్తుడని నవ్వుట ప్రాచ్యకళాశాలలలోనైనను మానవలెను. తాళపత్రప్రతులను రేపు పరిష్కరింపవలసినవారు అట్టి విద్యార్థులే.